పొద్దుబండ దగ్గర పిలుపు

అనగనగా ఒక అడవిలో, చెట్టూ చేమా లేని పెద్ద బండ ఒకటి ఉండేది. తూరుపు కొండ మీద పొద్దు పొడిస్తే మొదటి వెలుగు దాని మీదే పడేది. అందుకని దాన్ని పొద్దుబండ అనేవాళ్ళు. రోజూ తెల్లారేసరికి అడవిలోని జంతువులూ పక్షులూ అక్కడ చేరి సూర్యుడికి దండం పెట్టుకునేవి. ఆ కాసేపూ అక్కడ ఎవరూ ఎవర్నీ తినకూడదు. బండ దిగాక ఎవరి పాట్లు వాళ్ళవి.

ఆ బండ దగ్గర ఒక ఆచారం ఉంది. దండం పెట్టే ముందు వచ్చినవాళ్ళందర్నీ పేరు పేరునా పిలవాలి. ఆ పని ఒక తీతువు పిట్టది. తీతువు అంటే తెలుసుగా పిల్లలూ? పొడుగు కాళ్ళతో నేల మీద తిరుగుతూ కీచుమని అరిచే పిట్ట. ఊళ్ళలో దాని అరుపు వింటే అపశకునమని తిట్టుకుంటారు. ఈ అడవిలో మాత్రం ఆ గొంతుకు ఎంతో మర్యాద. వాళ్ళ అమ్మా, అమ్మమ్మా కూడా ఈ పనే చేశారు. అందరూ ఆమెను పిలుపులక్క అనేవాళ్ళు.

పొద్దు ఇంకా కొండ చాటున ఉండగానే పిలుపులక్క బండ కొసన నిలబడి గొంతు సవరించుకునేది.

"జింకల మందా!" అనేది.

"వచ్చాం!" అనేవి జింకలు.

"ఏనుగుల గుంపూ!"

"వచ్చాం!" అనేవి ఏనుగులు. బండ కాస్త అదిరేది.

కొంగల బారునీ, చీమల దండునీ, కోతిమూకనీ అలాగే పిలిచేది. ఒక్కొక్కరు పలికేదాకా ఆగేది. అక్కడితో అయిపోయేది కాదు. గుంపు లేనివాళ్ళూ ఉంటారు కదా! వాళ్ళను చివర్న ఒక్కొక్కర్నీ పిలిచేది.

"ఒంటరి ముళ్ళపందీ!"

"వచ్చాను!"

"ఒంటరి గుడ్లగూబా!"

"వచ్చాను. త్వరగా కానీ, నిద్రొస్తోంది."

"ఒంటరి అలుగూ!"

ఇక్కడే వచ్చేది తంటా. అలుగు అంటే ఒంటి నిండా పెంకుల్లాంటి పొలుసులుండే జంతువు. ఎవరైనా మీదికి వస్తే బంతిలా చుట్టుకుపోతుంది. ఈ అలుగు ముసలివాడు. అందరూ పెంకుల తాత అనేవాళ్ళు. తాత ఏనాడూ వేళకు వచ్చింది లేదు. మామూలుగా కాస్త ఆలస్యం. ఈ ఎండాకాలం మొదలయ్యాక మరీ ఆలస్యం. ఎవరైనా పలక్కపోతే దండం మొదలుపెట్టకూడదని ఆచారం. కాబట్టి అందరూ ఆగేవాళ్ళు. ఏనుగులు చెవులు విసురుకునేవి. కొంగలు ఒంటికాలు మార్చి ఇంకో కాలి మీద నిలబడేవి. చీమల సంగతి వేరే. అలుగు తినేది చీమల్నే కాబట్టి, తాత రాకపోతే వాటికేం బాధ లేదు.

చివరికి తాత ఒగురుస్తూ బండ ఎక్కి, వినీ వినపడని గొంతుతో "వచ్చాను" అనేవాడు. అప్పుడు దండం.

పిలుపులక్కకు వాళ్ళమ్మ ఈ పని అప్పగిస్తూ ఒక మాట చెప్పింది. "సూర్యుడు మన దండం కోసం ఆగడు తల్లీ. మనమే ఒకరి కోసం ఒకరం ఆగాలి."

ఆ మాట పిలుపులక్క మరిచిపోలేదు. కానీ ఈ ఎండాకాలం ఆమెకు వేరే దిగులు పట్టుకుంది. తీతువులు చెట్ల మీద గూడు కట్టవు. గులకరాళ్ళ మధ్య నేల మీదే గుడ్లు పెడతాయి. పిలుపులక్క నాలుగు గుడ్లు పెట్టింది. ఎండలు మండుతున్నాయి. గుడ్లు ఉడికిపోకుండా చల్లబరచాలి. అందుకని ఆమె మొగుడు ఇసకన్న రోజూ చీకటితోనే వాగుకు వెళ్ళి, నీళ్ళలో కూర్చుని, పొట్ట ఈకలు బాగా తడుపుకుని వచ్చి గుడ్లను పొదిగేవాడు. అదే వేళకు పిలుపులక్క బండ దగ్గర ఉండాలి. ఇసకన్న తిరిగి వచ్చేదాకా గుడ్లు ఒంటరిగా ఉంటాయని ఆమె దిగులు. ఆ చుట్టుపక్కల ఒక ఉడుము తిరుగుతోంది.

నోరు "కొంగల బారూ" అని పిలుస్తుంటే పిలుపులక్క మనసు గులకరాళ్ళ దగ్గర ఉండేది. పెంకుల తాత కోసం ఆగాల్సి వచ్చినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండిపోయేది. "ఈ ముసలాయనకు ఒక్కరోజైనా వేళకు రావాలని ఉండదా?" అని లోలోపల గొణుక్కునేది.

సరిగ్గా అప్పుడే కోతుల పెద్ద వాలయ్య ఊరి నుంచి తిరిగొచ్చాడు. మామిడికాయల కోసమని మైదానంలోకి దిగి, గుళ్ళ మీదా గోడల మీదా తిరిగి, బోలెడంత లోకజ్ఞానం మూట కట్టుకుని వచ్చాడు. వచ్చిన మర్నాడే పొద్దుబండ మీద పిలుపుకు అడ్డం తగిలాడు.

"అక్కా, కాస్త ఆగు. రోజూ పొద్దున్నే కోతిమూకా, కోతిమూకా అంటావు. ఇదేం పిలుపు? దేవుడి దగ్గరికి వచ్చినవాళ్ళను పిలిచే తీరేనా?"

"మా అమ్మమ్మ నాటి నుంచీ అలాగే పిలుస్తున్నాం వాలయ్యా."

"అదే తప్పంటున్నాను. ఊళ్ళో మనుషులు దేవుడి కోసం కూడితే ఎంత చక్కగా పిలుచుకుంటారో తెలుసా? గుడి దగ్గర గోష్ఠి అంటారు, భజన మండలి అంటారు. చర్చి దగ్గర సంఘం అంటారు. మసీదు దగ్గర జమాతు అంటారు. నెల రోజులు తిరిగాను. మూక అన్న మాట ఎక్కడా వినలేదు."

"మంద అన్న మాట విన్నావా?" అని ఒక జింక ఆశగా అడిగింది.

"చర్చిలో పాస్టరుగారు ఒకసారి అన్నారు," అన్నాడు వాలయ్య తల గోక్కుంటూ. "అయినా అది ఆయన ముద్దుకు అన్న మాటలే. లెక్కలోకి రాదు."

జింకలు ముఖముఖాలు చూసుకున్నాయి. అప్పటిదాకా వాటికి మంద అంటే ఏ బాధా లేదు. ఆ క్షణం నుంచి చిన్నతనంగా అనిపించింది. కొంగలకు బారు నచ్చలేదు. చీమలకు మాత్రం దండు బాగానే ఉంది. కానీ వాటినెవరూ అడగలేదు.

"ఇంతకూ ఏమంటావు?" అంది పిలుపులక్క.

"మందా లేదు, మూకా లేదు, ఒంటరీ లేదు. అందరికీ కలిపి ఒకటే పేరు పెడదాం. మహామండలి! నువ్వు ఒక్కసారి మహామండలీ అను. మేమందరం ఒక్కసారి వచ్చాం అంటాం. గౌరవానికి గౌరవం, తీరికకు తీరిక. నీకు మాత్రం ఇంటి దగ్గర గుడ్లు లేవూ?"

ఆ చివరి మాట పిలుపులక్కకు సూటిగా తగిలింది. ఒక్క కేకతో పిలుపు అయిపోతుంది. ముసలాయన కోసం కాచుకోనక్కర్లేదు. ఉడుము వచ్చేలోగా ఇల్లు చేరొచ్చు. అమ్మ చెప్పిన మాట గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చినా పక్కకు నెట్టేసింది. "మండలి అంటే అందరూ వచ్చినట్టేగా. తాత కూడా అందులో ఉన్నట్టే," అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

"సరే. రేపటి నుంచీ అలాగే పిలుస్తాను," అంది.

మర్నాడు పొద్దున్న పిలుపులక్క గొంతెత్తి "మహామండలీ!" అంది. "వచ్చాం!" అని బండంతా ఒక్కసారి మారుమోగింది. కొండ అవతలి గువ్వలు కూడా ఉలిక్కిపడి లేచాయి. అందరికీ ఒళ్ళు పులకరించింది. మనం ఇంతమందిమా అనిపించింది. వెంటనే దండం పెట్టేశారు.

పిలుపులక్క రెక్క విప్పబోయింది. అంతలో వాలయ్య బండ నడిమికి వచ్చాడు.

"మండలి అన్నాక అధ్యక్షుడు ఉండాలి. అధ్యక్షుడు అన్నాక రెండు మాటలు మాట్లాడాలి," అన్నాడు. తోక ఎత్తి పట్టుకుని మొదలుపెట్టాడు. రెండు మాటలూ ఎంతకీ అవలేదు. మధ్యలో లేచి వెళ్ళిపోతే బాగుండదని పిలుపులక్క కూర్చుండిపోయింది.

వాలయ్య ఇంకా మాట్లాడుతుండగానే పెంకుల తాత ఒగురుస్తూ వచ్చాడు. చుట్టూ చూశాడు. దండం అయిపోయిందని అర్థమైంది. నెమ్మదిగా పిలుపులక్క దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, నన్ను పిలిచావా?"

"పిలిచాను తాతా. మహామండలీ అన్నాను. అందులో నువ్వూ ఉన్నావు."

"అలాగా! మరి నేను పలికానా?"

"అందరూ పలికారు తాతా."

"అయితే నేనూ పలికినట్టే కాబోలు," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, వెటకారం అసలే లేదు. సూర్యుడి వైపు తిరిగి ఒక్కడే దండం పెట్టుకున్నాడు. "రేపు త్వరగా వస్తాలే," అని చెప్పి బండ దిగిపోయాడు.

రెండో రోజు మండలి ఇంకా గట్టిగా పలికింది. వాలయ్య ఇంకా పొడుగ్గా మాట్లాడాడు. పిలుపులక్క ఒకసారి మెడ చాచి చూసింది. తాత కనపడలేదు. "వెనకాల ఎక్కడో ఉండే ఉంటాడు," అనుకుంది. చూసి రమ్మని ఎవర్నీ పంపలేదు. పంపడానికి అసలు ఎవరి పేరు తగ్గిందని?

మూడో రోజు పెద్ద గొడవే అయింది. మహామండలి అనాలా, మహాపరిషత్తు అనాలా అని కొంగలు ఒక ప్రశ్న లేవదీశాయి. ఏనుగులు ఇటో మాట, జింకలు అటో మాట. వాలయ్య అందరికీ జవాబు చెబుతూ వచ్చాడు. పొద్దు బాగా పైకెక్కింది. అంతకుముందు తాత కోసం ఎన్నడూ అంతసేపు ఆగలేదు. పిలుపులక్క ఇక ఉండబట్టలేక చెప్పాపెట్టకుండా లేచి ఎగిరింది.

ఇల్లు ఇంకా దూరంగా ఉండగానే ఇసకన్న అరుపులు వినపడ్డాయి. ఉడుము తుప్పల్లోకి దూరిపోతోంది. ఇసకన్న దాని వీపు మీద పొడుస్తూ వెంటపడ్డాడు. అయినా ఏం లాభం? గులకరాళ్ళ మధ్య మూడు గుడ్లు పెంకులై పడి ఉన్నాయి. ఒక్కటి మాత్రం పక్కకు దొర్లి మిగిలింది.

పిలుపులక్క ఆ పెంకుల దగ్గర కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. ఇసకన్న తడి పొట్టతో ఆ ఒక్క గుడ్డు మీద కూర్చున్నాడు. అతనికీ కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"వాగులో నీళ్ళు ఇంకి ఇవాళ నాకు ఆలస్యమైంది. నేను వచ్చేసరికే అది తింటోందే," అన్నాడు. "రోజూ నేను వచ్చేదాకా తాత ఉండేవాడు. ఇవాళ లేడు."

"ఏ తాత?"

"పెంకుల తాత. ఇంకెవరు? నువ్వు అటు వెళ్ళగానే వచ్చేవాడు. గుడ్ల చుట్టూ చుట్టుకుని పడుకునేవాడు. ఆ పొలుసుల్ని దాటి ఉడుము ఏం చేయగలదు? నేను వచ్చాకే లేచి బండ దగ్గరికి బయల్దేరేవాడు. అందుకే కదా రోజూ అంత ఆలస్యం."

పిలుపులక్క అతని దగ్గరికి జరిగింది. "నాకెందుకు చెప్పలేదయ్యా?"

"చెప్పొద్దన్నాడు. చెబితే అమ్మాయి మొహమాటపడుతుంది, నా పేరు పిలవకుండానే దండం పెట్టించమంటుంది, ఆచారం చెడుతుంది అన్నాడు. నిన్న పొద్దున్న మాత్రం నేను వాగు దాటడం దూరం నుంచి చూడగానే లేచి పరుగెత్తాడు. దారిలో ఎదురై, ఇప్పుడు నా కోసం ఎవరూ ఆగరురా అబ్బాయ్ అన్నాడు. మళ్ళీ కనపడలేదు."

పిలుపులక్క పైకి లేచింది. బండ దారి పట్టుకుని తక్కువ ఎత్తులో ఎగిరింది. పాత పిలుపు ఎత్తుకుంది.

తాత ఉండే పుట్ట దగ్గర "ఒంటరి అలుగూ!" అని పిలిచింది. పలుకు లేదు.

వాగు ఒడ్డున "ఒంటరి అలుగూ!" అని పిలిచింది. అక్కడా పలుకు లేదు.

బండకు అడ్డదారి ఒకటి ఉంది. ఆ దారిలో ఎప్పుడో ఎవరో ఏనుగుల కోసం తవ్వి వదిలేసిన గొయ్యి ఉంది. పైన ఆకులు కప్పేసి ఉంటాయి. తీరిగ్గా వచ్చేవాళ్ళు దాన్ని చుట్టి వెళతారు. ఆ ఆకుల్లో ఒకచోట పెద్ద చిల్లు పడి ఉంది. పిలుపులక్క ఆ చిల్లు పక్కన వాలింది.

"ఒంటరి అలుగూ!" అని లోపలికి పిలిచింది.

అడుగు నుంచి సన్నగా వినపడింది. "వచ్చాను."

పిలుపులక్క తొంగి చూసింది. గొయ్యి అడుగంతా రాయి. తాత గోళ్ళు అరిగిపోయి ఉన్నాయి. తవ్వీ తవ్వీ ఓపిక అయిపోయి ఒక మూల ముడుచుకుని ఉన్నాడు.

"తాతా! నిన్నటి నుంచీ ఇందులోనే ఉన్నావా? ఒక్క కేకైనా వెయ్యలేకపోయావా?"

"పలుకుతూనే ఉన్నాను అమ్మాయ్. నిన్న నువ్వు మహామండలీ అన్నావు, వచ్చాను అన్నాను. ఇవాళా అన్నాను. అందులో నేనూ ఉన్నానని నువ్వే చెప్పావుగా." తాత కొంచెం ఊపిరి తీసుకున్నాడు. "మీరంతా మరీ గట్టిగా పలుకుతున్నారు. నాది నాకే వినపడలేదు."

పిలుపులక్క తల దించుకుంది.

"గుడ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు తాత.

"ఒకటి ఉంది తాతా," అంది.

తాత పొలుసుల్లోకి తల దాచుకున్నాడు.

పిలుపులక్క బండ దగ్గరికి ఎగిరి వెళ్ళేసరికి మండలి ఇంకా పేరు గురించే తగువులాడుకుంటోంది. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. తన తప్పు కూడా దాచకుండా చెప్పింది. "ఆయన గోతిలో పడడం మేం నిన్ననే చూశాం," అన్నాయి చీమలు తాపీగా. "చీమల దండూ అని పిలిచి ఉంటే చెప్పేవాళ్ళమేమో. మండలిలో మమ్మల్ని మాట్లాడనిచ్చింది ఎవరు?"

వాలయ్య అందరికంటే ముందు పరుగు తీశాడు. అతని వెనకే కోతులన్నీ కదిలాయి. ఒకదాని తోక ఒకటి పట్టుకుని గోతిలోకి వేలాడాయి. అందరికంటే కింద వాలయ్యే దిగాడు. పొలుసులు కోసుకుని చేతులు రక్తమయ్యాయి. అయినా వదలకుండా తాతను పైకి తెచ్చాడు.

ఆ మర్నాడు పిలుపులక్క బండ కొసన నిలబడింది. అధ్యక్షుడు ముందుకు రాలేదు. తన వాళ్ళ మధ్యలో చేతులకు ఆకులు చుట్టుకుని కూర్చున్నాడు.

"వాలయ్యా, నీ చేత ఒక మాట చెప్పించుకోవాలి. ఆ మండలి నిజంగా నీకు ఎందుకు కావలసి వచ్చింది?" అని అడిగింది పిలుపులక్క.

వాలయ్య నేల చూపులు చూశాడు. "మండలీ వద్దు, ఏమీ వద్దు అక్కా. రోజూ మూక అని పిలిపించుకోవడం కష్టంగా ఉండేది. మా పిల్లలు నవ్వులపాలవుతున్నారు. ఆ ఒక్క మాట మార్చమని అడగడానికి సిగ్గేసింది."

"నువ్వు అడగలేదు. నేనూ కనుక్కోలేదు. నాకు ఇల్లు చేరాలన్న తొందర," అంది పిలుపులక్క. తరవాత మెడ నిక్కించి పిలవడం మొదలుపెట్టింది. జింకల మందను పిలిచింది. ఏనుగుల గుంపునూ, కొంగల బారునూ, చీమల దండునూ పిలిచింది. కోతుల దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగింది.

"కోతుల కొలువూ!" అంది.

కోతులన్నీ ముందు బిత్తరపోయాయి. తరవాత "వచ్చాం!" అని ఎగిరి గంతేశాయి. వాలయ్య మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు.

ఒంటరివాళ్ళను కూడా ఒక్కొక్కర్నే పిలిచింది. ముళ్ళపంది పలికింది. గుడ్లగూబ ఆవులిస్తూ పలికింది. "ఒంటరి అలుగూ!" అంటే పలుకు లేదు. ఆ పూట ఎవరూ చెవులు విసురుకోలేదు. తాత ఎక్కడ ఉన్నాడో, ఎందుకు ఉన్నాడో అందరికీ తెలుసు.

కొన్నాళ్ళకు ఆ మిగిలిన గుడ్డు పగిలి పిల్ల బయటికి వచ్చింది. దానికి కాళ్ళు కుదురుకున్నాక ఒక పొద్దున్న అందరూ బండ మీద కాచుకుని ఉన్నారు. పొద్దు కొండ మీద జానెడు పైకి వచ్చింది. దూరంగా పెంకుల తాత కనిపించాడు. ఎప్పటికంటే ఇంకా నెమ్మదిగా నడుస్తున్నాడు. అతని పక్కనే పుల్లల్లాంటి కాళ్ళ మీద తడబడుతూ తీతువు పిల్ల నడుస్తోంది. అది నాలుగు అడుగులు వేసి ఆగితే తాతా ఆగుతున్నాడు.

"ఒంటరి అలుగూ!" అని పిలిచింది పిలుపులక్క.

తాత బండ ఎక్కాడు. పిల్ల ఎక్కేదాకా చూశాడు. అప్పుడు ఎన్నడూ లేనంత గట్టిగా పలికాడు.

"వచ్చాం!"

నీతి: నలుగురు కూడిన చోట రానివాళ్ళ కోసం అడిగేవాళ్ళూ, ఆగేవాళ్ళూ ఉండాలి. అప్పుడు ఆ కూడికను ఏ పేరుతో పిలిచినా నప్పుతుంది.